"మా ఆయాలందరూ వెరిఫైడేనండీ" అంటే సరిపోదు

ఆయా కావాలని ఏజెన్సీకి ఫోన్ చేయగానే వినిపించే మాట ఇది. ఆ ఒక్క మాట మీద అడ్వాన్స్ కట్టేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఒకచోట గుర్తింపు కార్డును ఫొటో తీసి ఫోన్లో దాచుకోవడమే వెరిఫికేషన్. ఇంకోచోట ఎప్పుడో, ఏ పాత చిరునామా మీదో తీసుకున్న పోలీసు కాగితం. అందుకే ఏమేం చూశారు, ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు అని వెంటనే అడగండి. పోలీసు రికార్డు, ఇప్పుడుంటున్న ఇంటి చిరునామా, ఆమె ఇంతకుముందు పనిచేసిన పాత ఇంటివాళ్ల అభిప్రాయం, ఈ మూడూ వేర్వేరు పనులు. కేసులు లేవంటే కేసులు లేవని మాత్రమే అర్థం. ఏడుస్తున్న పిల్లాణ్ని ఓపికగా ఎత్తుకుంటుందో లేదో ఆ కాగితం చెప్పదు.

అది చెప్పగలిగేది పాత ఇంటివాళ్లే. ఏజెన్సీ మాట్లాడేసిందిలే అని వదిలేయకుండా కనీసం ఇద్దరితో మీరే మాట్లాడండి. వివరాలు మాత్రం మీరు అందించకండి. "మీ బాబును బాగా చూసుకుందట కదా" అంటే ఎవరైనా "అవునండీ" అనేస్తారు. ఏ నెలలో చేరింది, అప్పటికి బాబుకి ఎన్ని నెలలు, ఎందుకు మానేసింది అని అడగండి. నిజంగా ఆమెను పెట్టుకున్న తల్లి పెద్దగా తడుముకోకుండా చెబుతుంది. బయోడేటాలో 14 నెలలని ఉంటే కావాలనే "రెండేళ్లు చేసిందట కదా" అని చూడండి. అసలైనవాళ్లు సరిదిద్దుతారు, చెప్పి పెట్టిన మనిషైతే ఊకొడతారు. చివర్లో "మళ్లీ అవసరమైతే ఆమెనే పిలుస్తారా?" అని అడిగి ఊరుకోండి. వెంటనే "తప్పకుండా" అనడానికీ, కాసేపాగి "మంచిదేలెండి" అనడానికీ చాలా తేడా ఉంది.

ఇక డబ్బు. ఏజెన్సీ ఫీజు మీ దగ్గరే తీసుకుంటుందా, ఆయా జీతంలోంచి కూడా కోస్తుందా? చాలామంది ఇది అడగరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం పనివాళ్ల దగ్గర ఏజెన్సీలు ఫీజు వసూలు చేయకూడదనే అంటుంది, మినహాయింపులు కొద్దిగానే ఇచ్చింది. ఇంటిపని చేసేవాళ్ల కోసం 2011లో వచ్చిన 189వ ఒప్పందం కూడా ఏజెన్సీ ఫీజు వాళ్ల జీతంలోంచి పోకుండా చూడాలంటుంది. ఇది దయాదాక్షిణ్యాల సంగతి అనుకోకండి. మీరిచ్చిందాంట్లో సగమే చేతికొస్తే, కాస్త ఎక్కువ ఇచ్చే ఇల్లు దొరగ్గానే ఆమె వెళ్లిపోతుంది, మీ పిల్లకి మళ్లీ కొత్త ముఖం. అందుకే జీతం నేరుగా ఆమె ఖాతాకే వేస్తామనండి. దానికి ఒప్పుకోని ఏజెన్సీని నేనైతే నమ్మను. ఆయా గుర్తింపు కార్డు అసలును తమ దగ్గరే ఉంచుకునే ఏజెన్సీని కూడా.

"రీప్లేస్‌మెంట్ ఇస్తాం" అన్న హామీని కాగితం మీద పెట్టించండి: ఎన్నిసార్లు, ఎన్ని రోజుల్లోగా, దొరక్కపోతే ఎంత వాపసు. ఫీజంతా మొదటి రోజే ఇచ్చేస్తే తర్వాత ఫోన్ ఎత్తే అవసరం వాళ్లకుండదు. సగం చేరిన రోజున, సగం నెల గడిచాక ఇస్తామని అడిగి చూడండి. పని గంటలు, వారానికి పూర్తిగా 24 గంటల సెలవు, పిల్లల పని కాక ఇంకేమైనా చేయాలా, ఇవన్నీ అందులోనే రాయించండి. "ఖాళీగానే ఉంది కదా" అని గిన్నెలు కూడా అప్పగించడంతోనే చాలా ఇళ్లలో గొడవ మొదలవుతుంది.

బిడ్డ వయసెంత, ఎలర్జీలున్నాయా అని కూడా అడక్కుండా పది నిమిషాల్లో ఐదు బయోడేటాలు పంపే ఏజెన్సీ చేతిలో జాబితా ఉందంతే, మనుషుల్ని ఎంచి పంపడం లేదు.

ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉందంటే తేదీ చూడండి, రెండేళ్లు దాటితే మళ్లీ శిక్షణ ఇప్పించమనండి. ట్రయల్ రోజున బొమ్మ ఇచ్చి, ఆరు నెలల పాపకి గొంతులో ఏదో అడ్డంపడి ఊపిరాడకపోతే ఏం చేస్తావో చూపించమ్మా అనండి. ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికుండేలా పట్టుకుని, భుజాల మధ్య అరచేతి కింది భాగంతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, 5 దెబ్బలు, తిప్పి ఛాతీ మీద 5 నొక్కులు, అడ్డు బయటికొచ్చేదాకా అలాగే. కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి గెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. నిద్రపుచ్చమంటే వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్కన దిండ్లూ మెత్తటి బొమ్మలూ ఉండకూడదు. ఇవి తెలియకపోవడం ఆమె తప్పేమీ కాదు. నేర్పించకుండానే "శిక్షణ పొందిన ఆయా" అని చెప్పి ఎక్కువ ఫీజు అడిగిన ఏజెన్సీనే నిలదీయండి.