కేసు ఉందని తెలుస్తుంది, కేసులో ఏముందో తెలియదు

గుంటూరు మిర్చి వ్యాపారంలో కొత్త పార్టీకి రెండొందల టిక్కీలు (మిర్చి బస్తాలు) అరువివ్వాలంటే ముందు నలుగురిని వాకబు చేస్తారు. ఆ పార్టీ మీద కేసులున్నాయా అన్న వాకబు, కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ యాప్‌లో పైసా ఖర్చు లేకుండా చేయొచ్చు. కాకపోతే వెతకడం తెలియాలి.

రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ పేరులో కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. ఏ కాంప్లెక్స్‌కు ఆ కాంప్లెక్స్ విడిగా చూడాల్సిందే. గుంటూరులో ఏమీ రాలేదంటే తెనాలిలో కూడా లేదని కాదు. విజయవాడ కోర్టుల కోసం కృష్ణా జిల్లా కింద చూడాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరుతోనే. వెంకటేశ్వరరావును ఇంగ్లిషులో ఒక గుమస్తా ‘ఎస్’ పక్కన ‘హెచ్’ పెట్టి రాస్తాడు, ఇంకొకరు పెట్టరు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటే, మరోచోట పొడి అక్షరమే. అందుకే ‘వెంకట’ దగ్గర ఆపి వెతకడం మేలు. ఫర్మ్ పేరు ఒక్కటే చూసి వదిలేయొద్దు, భాగస్తుల పేర్లు కూడా కొట్టాలి. ‘పెండింగ్’ ఒక్కటే ఎంచుకుంటే ముగిసిన కేసులు రావు. డబ్బు దావా తర్వాత అదే మనిషి మీద ఈపీ (డిక్రీ అమలు చేయించమనే పిటిషన్) కనిపిస్తే, డిక్రీ అయ్యాక కూడా సొమ్ము చెల్లించలేదన్నమాట. అరువు ఇచ్చేవాడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. దొరికిన కేసుకు ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ఆ కేసు ఒక్కదానికే ఉండే గుర్తింపు) రాసిపెట్టుకుంటే మళ్లీ పేరుతో తంటాలు ఉండవు.

గోడౌనో ఫ్లాటో కొనేవారికి ఇది ఇంకా ముఖ్యం. ఆస్తి మీద దావా నడుస్తుండగా దాన్ని కొంటే, ఆ దావాలో వచ్చే తీర్పు కొన్నవాడినీ కట్టేస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) శుభ్రంగా ఉందని మురిసిపోతే కుదరదు. కోర్టు జప్తు ఉత్తర్వు సబ్‌రిజిస్ట్రార్‌కు చేరితే తప్ప మామూలు దావా అందులో కనిపించకపోవచ్చు. యాప్‌లో సర్వే నంబరుతో వెతికే వీలూ లేదు, అమ్మేవారి పేర్లే ఆధారం.

ఇంతవరకు బాగానే ఉంది. తెరపై కనిపించేవి వాయిదాలు, ఉత్తర్వులు, తీర్పులు. ప్లెయింటు (దావా వేసినవారి ఫిర్యాదు పత్రం), ప్రతివాది ఇచ్చిన జవాబు, దాఖలు చేసిన కాగితాలు కనిపించవు. సంబంధం లేని వ్యక్తికి అవి కావాలంటే ఎందుకో చెబుతూ కోర్టులో దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. సమాచార హక్కు చట్టం ఇక్కడ పనిచేయదు: కోర్టు నిబంధనల దారిలోనే రావాలని గుజరాత్ హైకోర్టు వ్యవహారంలో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అనుమతి వచ్చాక కాపీ స్టాంపులు సకాలంలో కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటికి వస్తుంది.

అమెరికా ఫెడరల్ కోర్టుల ‘పేసర్’ వ్యవస్థలో ప్లెయింటు కూడా ఎవరైనా దించుకోవచ్చు. పేజీకి 10 సెంట్లు, సాధారణంగా ఒక పత్రానికి 3 డాలర్లకు మించదు. మూడు లక్షలు, ఆపైన విలువున్న వ్యాజ్యాలు చూసే మన వాణిజ్య కోర్టుల్లోనైనా ఈ పద్ధతి రావాలి. అలా చేస్తే రేట్లు, ఖాతాదారుల జాబితా పోటీవాడి చేతిలో పడతాయని వ్యాపారులు బెదురుతారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే అలాంటివి ప్లెయింటులో గుప్పించకుండా విడి పత్రంగా ఇచ్చి, గోప్యంగా ఉంచమని కోర్టును అడగాలి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను ప్లెయింటులోకి ఎక్కించే అలవాటును వకీళ్లు ఇప్పుడే మానుకోవచ్చు.

నా అభ్యంతరం మాత్రం ఇప్పటి పద్ధతి మీదే. నాసిరకం సరుకు వచ్చిందని డబ్బు ఆపిన కొనుగోలుదారూ, ఎగవేతదారూ తెరమీద ఒకేలా ‘ప్రతివాది’. మొదటివాడి వాదన జవాబులో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడలేరు. అలాంటివారు తమ జవాబు సర్టిఫైడ్ కాపీ ఒకటి తీసుకుని దగ్గర ఉంచుకోవాలి. బ్యాంకు మేనేజర్ కేసు సంగతి ఎత్తకముందే లోన్ ఫైల్‌లో పెట్టించడం ఇంకా మంచిది.