పక్షులు సహకరించని చెరువు

హనుమకొండ శివారులోని ఒక చెరువును పక్షుల ఆవాసంగా పునరుద్ధరించారని తెలిసి, ఫిబ్రవరి 2న, అంటే ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్ మెడలో వేసుకుని ఉదయం ఆరున్నరకే గేటు ముందు నిలబడ్డాను. మనిషికి ఒక టికెట్టు, కెమెరాకు ఇంకొక టికెట్టు. మెడలో వేలాడుతున్నది కెమెరా కాదని కౌంటరులోని అబ్బాయిని ఒప్పించడానికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా ఒక నీటికాకి ఏ టికెట్టూ లేకుండా నా తల మీదుగా లోపలికి వెళ్ళి, లోపల ఏం చూసిందో గాని, మరుక్షణమే బయటికి వచ్చేసింది.

లోపల లోటు ఏమీ లేదు. చెరువు చుట్టూ ఎర్ర టైల్స్ బాట, బాట పొడవునా రంగు దీపాలు, ఊరి పేరు పక్కన హృదయం బొమ్మ, ఏడు గంటలకు భక్తిగీతాలు మొదలుపెట్టే స్పీకర్లు అన్నీ ఉన్నాయి. ముఖద్వారం దగ్గర నాలుగు సిమెంటు కొంగలు ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాయి. మన నానుడిలోని కొంగ చేప కోసం జపం చేస్తుంది. ఈ నాలుగింటి జప ఫలం మాత్రం మార్చి నెలాఖరులోపే బిల్లు రూపంలో ఎవరికో అంది ఉంటుందని నా అనుమానం. ఇంత చేసినా బతికున్న కొంగ ఒక్కటీ రాలేదు. విచారించవలసినది పక్షులనే అని నాకు అప్పుడే అనిపించింది.

మొదటి నేరం, వాటికి చట్టం తెలియదు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం సహజమైనదైనా మనిషి చేసినదైనా చిత్తడి నేలను చిత్తడి నేలగానే లెక్కించింది. మన దేశపు 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు అంత ఉదారంగా లేవు. సాగునీటి కోసం కట్టిన చెరువులను, వరి పొలాలను ఆ నిర్వచనం నుంచి మినహాయించాయి. ఆ లెక్కన కాకతీయుల కాలం నుంచి ఆయకట్టుకు నీళ్ళిస్తున్న రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు, వాటి కింది పొలాలు చిత్తడి నేలలు కావు. అయినా కొంగలు ఇన్ని వందల ఏళ్ళుగా అక్కడే మేస్తున్నాయి, నాట్ల వేళ ట్రాక్టరు వెనకాలే నడుస్తున్నాయి. గెజిట్ చదివే అలవాటు లేని జాతిని ఏమనగలం?

రెండవది వాటి కాళ్ళ పొడవు. పాత చెరువుకు కట్ట ఒకవైపే ఉండేది. కట్ట దగ్గర, తూము దగ్గర లోతుగా ఉన్న నీళ్ళు శిఖం వైపు, అంటే నీరు తగ్గితే బయటపడే చెరువు లోపలి భూమి వైపు, పోనుపోను పలచబడి, చివరికి తడి మన్నుగా మిగిలేవి. చలికాలం నుంచి ఎండాకాలం దాకా నీరు వెనక్కి తగ్గుతున్న కొద్దీ కొత్త బురద బయటపడేది, అందులోని నత్తలూ పురుగులూ పిట్టలకు విస్తరి వేసినట్లు దొరికేవి. ఎర్రకాళ్ళ కొంగ తన ముక్కును సగం తెరిచి లోతులేని నీళ్ళలో అటూ ఇటూ ఆడిస్తుంది, చేప తగిలిందో టక్కున మూసేస్తుంది. ఈ అనాగరిక పద్ధతికి స్వస్తి చెప్పడానికే కాబోలు, ఇక్కడ చుట్టూ రింగ్ బండ్ కట్టి, అంచులకు రాతి పిచింగ్ చేసి, చెరువును నిలువు గోడల గంగాళంగా మార్చారు. అంచున అడుగు పెడితే మనిషే మునుగుతాడు. కొంగ కాళ్ళు ఎస్టిమేటులోని లోతుకు సరిపోకపోవడం ముమ్మాటికీ కొంగల లోపమే.

గుర్రపుడెక్కను పూర్తిగా తీసేసినందుకు మాత్రం నిజంగానే దండం పెట్టాలి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క నీటిని కప్పేసి చేపలకు ఊపిరి ఆడనివ్వదు. అయితే జేసీబీకి గుర్రపుడెక్కకూ తుంగకూ తేడా తెలియదు కనుక తుంగ కూడా పోయింది, తామర కూడా పోయింది. తామరాకుల మీద పొడుగు వేళ్ళతో నడిచే పిట్ట ఇప్పుడు కావాలంటే టైల్స్ మీద నడవవచ్చు. నీళ్ళలో నిలబడిన నల్లతుమ్మలు, కుక్కలూ పిల్లులూ చేరలేవన్న ధైర్యంతో కొంగలూ నీటికాకులూ గూళ్ళు కట్టుకున్న ఆ ముళ్ళ చెట్లు, పిచ్చి చెట్ల పద్దు కింద నరికివేతకు గురయ్యాయి. వాటికి బదులు గట్టు మీద కోనోకార్పస్ మొక్కలు వరసగా, సమానమైన ఎత్తులో, పరేడుకు నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాయి.

గంటన్నర తిరిగి, కాళ్ళు లాగి, తూర్పు వైపు కంచె పక్కన కూర్చున్నాను. కంచెకు అవతల ఒక గుంత ఉంది. రింగ్ బండ్ కోసం మట్టి తవ్వుకుని, పూడ్చడం మరిచి వదిలేసిన గుంత అది. వాన నీళ్ళు నిలిచి, తుంగ మొలిచి, రెండు తుమ్మలు వంగి ఉన్నాయి. బైనాక్యులర్ అటు తిప్పితే గుడ్డికొంగలు పదకొండు, నీటికోళ్ళు నాలుగు, రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్న నీటికాకులు రెండు కనిపించాయి. ఆ కాకుల్లో ఒకటి ఇందాక గేటు దగ్గర వెనుదిరిగినదే కావచ్చు. నీలిరంగు నీటికోడి ఒకటి తుంగ కాడను కాలి వేళ్ళతో పట్టుకుని, చిన్నపిల్ల చెరుకుముక్క కొరికినట్లు, తీరికగా కొరుక్కుని తింటోంది.

ఇంతలో ఈల వేస్తూ వాచ్‌మన్ వచ్చాడు.

“అటేం చూస్తున్నరు సార్? చెరువు ఇటున్నది.”

“పక్షులు అటున్నాయి కదా తమ్మీ.”

అతను కంచె మీదుగా ఒకసారి చూసి, నా బాధ అర్థమైనట్లు తల ఊపాడు.

“జర ఓపిక పట్టుండ్రి సార్. ఆ గుంత గూడ శాంక్షన్ అయ్యింది. ఉగాది దాటంగనే జేసీబీ వస్తది.”