హైబ్రిడ్ ఇన్వర్టర్ గారికి విన్నపం

గౌరవనీయులైన కొత్త హైబ్రిడ్ ఇన్వర్టర్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అంతా క్షేమం కాదు. ఈరోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. మేడ మీద సోలార్ ప్యానెళ్లు ఎండకు కాగిపోయాయి. ఆ కరెంటును ఇంటికీ బ్యాటరీకీ పంచాల్సిన తమరి తెర మీద మాత్రం మధ్యాహ్నమంతా ఉత్పత్తి సున్నా. సున్నా పక్కన ఎర్రదీపం, ఎర్రదీపానికి తాళం వేస్తూ బీప్. బ్యాటరీతో మాట కలిసేదాకా తమరు పని ముట్టుకోరట. సరే, తమరి ఇష్టం. సూర్యుణ్ణే కాసేపు ఆగమందాం.

పాతది విప్పి కొత్తది తగిలించడమే కదా, పూటలో అయిపోతుందన్నారు. తమరు అడుగుపెట్టాక గానీ తెలియలేదు. పాతాయన 24 వోల్టుల మనిషి, తమరికి 48 లేనిదే ఆనదు. కాబట్టి బ్యాటరీ మారింది. ఆయన హయాంలో ప్యానెళ్లు పారలల్‌లో తక్కువ వోల్టేజీతో సర్దుకుపోయేవి. తమరి ఎంపీపీటీ, అంటే ప్యానెళ్ల నుంచి వీలైనంత కరెంటు పిండే భాగం, 120 వోల్టుల లోపు దేన్నీ కన్నెత్తి చూడదు. కాబట్టి మేడ మీద వైరింగంతా సిరీస్‌లోకి, అంటే ఒకదాని వెనక ఒకటి తగిలించి వోల్టేజీలు కూడేలా, మళ్లీ అల్లారు. సిరీస్ చేశాక ఇంకో భయం. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, చలికాలం తెల్లవారుజామున అది తమరి 500 వోల్టుల హద్దు దాటితే తమరికి ప్రాణగండం. అందుకని లెక్కగట్టి ఒక ప్యానెల్ తగ్గించారు. వోల్టేజీ పెరిగింది కాబట్టి పాత డీసీ బ్రేకర్ పనికిరాదన్నారు, అదీ పోయింది. చివరికి పాత సిస్టమ్‌లో మిగిలినవి మేడ, గోడ.

ఇవన్నీ సర్దుకున్నాం. తమరి వైఫై ముక్కకు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఇంకేదీ వినపడదంటే, రౌటర్‌ను కూడా తమరికి అనుకూలంగా మార్చాం. రాత్రి ఏ పనీ లేకుండా గోడకు వేలాడుతూ తమరు 50 వాట్లు మింగుతారని తెలిసింది. అంటే రోజు మొత్తానికి 1.2 యూనిట్లు తమరి సొంత ఖర్చు. పోనీ, పెద్దవారు. ఫ్యాన్ చప్పుడు గురించి అసలు మాట్లాడను.

కానీ ఆ కేబుల్ విషయం మాత్రం వదిలిపెట్టలేను.

మొన్నటిదాకా తమరూ బ్యాటరీగారూ మాటామంతీ లేకుండానే పని నడిపించారు. వోల్టేజీ సెట్టింగులు చేత్తో పెట్టి నెట్టుకొచ్చాం. ఈరోజు టెక్నీషియన్ వచ్చి, లిథియం బ్యాటరీకి బీఎంఎస్ (బ్యాటరీ లోపల సెల్స్‌ను కాపలా కాసే సర్క్యూట్) కమ్యూనికేషన్ తప్పనిసరి, లేకపోతే వారంటీ వర్తించదు అన్నాడు. పెట్టెలోంచి ఒక కేబుల్ తీశాడు. ఇంటర్నెట్ కేబులే, వేరే ఏమీ కాదు. అదే ప్లాస్టిక్ కొన, అదే నాలిక, అవే 8 బంగారు రంగు పిన్నులు. తమరి కింది సాకెట్‌లో టిక్కుమంది. బ్యాటరీ సాకెట్‌లో టిక్కుమంది. ఆ టిక్కు విన్నవాడెవడైనా పనైపోయిందనే అనుకుంటాడు. తమరి మెనూలో బ్యాటరీ రకం లిథియం అని మార్చగానే మొదలైంది బీప్.

మీ ఇద్దరి మధ్య దూరం మూరెడు కూడా లేదు. ఇద్దరూ క్యాన్ అనే ఒకే పద్ధతిలో మాట్లాడతారని పెట్టెల మీద అచ్చేసుకున్నారు. దాన్ని బాష్ కంపెనీ కార్ల కోసం 1986లో బయటపెట్టింది. గుంతల్లో ఎగిరిపడే కారులో, ఇంజను వేడిలో, చుట్టూ అంత కరెంటు గోలలో బ్రేకులూ ఇంజనూ దాని మీదే చక్కగా కబుర్లు చెప్పుకుంటున్నాయి. మీరు నీడపట్టున కదలకుండా మెదలకుండా కూర్చుని ఒక్క మాట అనుకోలేరా?

అనుకోలేరు. ఎందుకంటే తమరి సాకెట్‌లో ఆ క్యాన్ మాటలు మోసే రెండు తీగలు 4, 5 పిన్నుల మీద ఉన్నాయి. బ్యాటరీగారి సాకెట్‌లో 7, 8 మీద ఉన్నాయి. సాకెట్ ఆకారం ఒకటే, కొలత ఒకటే, కేబుల్ రెండింట్లోనూ ఇమిడిపోతుంది. లోపల మాత్రం ఒకరు తూర్పుకు తిరిగి మాట్లాడితే ఇంకొకరు పడమరకు చెవి పెట్టారు. ఈ ముక్క బ్యాటరీ మాన్యువల్ చివరి పేజీలో ఆవగింజంత అక్షరాల్లో ఉంది. తమరి మాన్యువల్‌లో ఆ సాకెట్ బొమ్మకు బాణం గీసి ‘బీఎంఎస్ పోర్టు’ అని ఊరుకున్నారు. ఫాల్టు కోడ్‌ల పట్టికలో తమరి ఎర్రదీపానికి రాసిన పరిష్కారమేమిటంటే, ఇన్‌స్టాలర్‌ను సంప్రదించండి. ఆ ఇన్‌స్టాలరే పట్టిక చదువుతున్నాడు.

తమరి కస్టమర్ కేర్ వాళ్లకు ఫోన్ చేస్తే, బ్యాటరీ వైపు సమస్య అయ్యుంటుందండీ అన్నారు. బ్యాటరీ వాళ్లకు చేస్తే, ఇన్వర్టర్ వైపు చూపించుకోండి అన్నారు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒక్కమాటే చెప్పారు, కంపాటిబుల్ లిస్టులో రెండు మోడళ్లూ ఉన్నాయట. అలాగైతే లిస్టునే గోడకు బిగించుకునేవాళ్లం. బ్యాటరీ పక్కనున్న బుల్లి డిప్ స్విచ్‌లు మార్చి చూడండి అని ఒకాయన సలహా. అవి బియ్యపు గింజంత ఉంటాయి, పెన్ను మొనతో జరపాలి. జరిపాక బ్యాటరీ ఆపి మళ్లీ ఆన్ చేస్తేనే లెక్కలోకి వస్తాయి. ఆపాం, వేశాం, ఆపాం, వేశాం. తప్పు పిన్నులో ఉంటే స్విచ్ ఏం చేస్తుంది పాపం.

అసలు మాట్లాడుకోకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే వోల్టేజీ చూసి దాని కడుపులో ఎంతుందో దాదాపు చెప్పేయొచ్చు. ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది అంత తేలిక కాదు. 16 సెల్స్ కలిపి 51.2 వోల్టులు. సగం ఖాళీ అయినా, ముప్పావు నిండినా వోల్టేజీలో పెద్ద తేడా కనపడదు. ఎంత మిగిలిందో, ఏ సెల్ పక్కదానికంటే ముందు నిండిపోతోందో బీఎంఎస్‌కే ఎరుక. అది చెప్పాలి, తమరు వినాలి. వినకపోతే తమరి తెర మీద శాతం అంతా తమరి ఊహాగానం. ఉందిలే అనుకున్న రాత్రి ఉన్నట్టుండి ఇల్లంతా చీకటి.

ఇక మర్యాద నావల్ల కాదు. ఒరేయ్ ఇన్వర్టరూ! నీ ముందు తట్టు మీద నీ కంపెనీ లోగో అరచేయంత ఉంది. దాని చుట్టూ నీలం రంగు దీపాల వరస, అది వెలగడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఫోన్ యాప్‌లో మా ఇంటి బొమ్మ గీసి ప్యానెళ్ల నుంచి చుక్కలు పరిగెత్తిస్తున్నావు. ఇన్ని సొగసులు చేసుకోవడానికి తీరిక దొరికింది గానీ, ఆ సాకెట్ పక్కన ‘క్యాన్ 4, 5’ అని అచ్చు వేయడానికి సిరా లేకపోయిందా? గోరంత చోటు చాలు కదా! అది ఉంటే కుర్రాడు కేబుల్ పెట్టకముందే తెలుసుకునేవాడు, మధ్యాహ్నపు ఎండ మట్టిపాలయ్యేది కాదు. నువ్వూ బ్యాటరీ ఒకే గోడ మీద బతకాలని తెలిసీ, ఎవడి సాకెట్ వాడిష్టం వచ్చినట్టు చేసుకుని, మధ్యలో తీగలు కత్తిరించే పని కొన్నవాడి నెత్తిన పెట్టారు.

సాయంత్రానికి ఆ కుర్రాడు నిన్ను మళ్లీ పాత సెట్టింగులోకే మార్చి వెళ్లాడు. బీప్ ఆగింది. కేబుల్ ఒక కొన కత్తిరించి, 7, 8 తీగలను 4, 5 మీదికి మార్చి, కొత్త కొన నొక్కి తెస్తానన్నాడు. ఎప్పుడని అడిగితే నొక్కే పనిముట్టు ఇంకో ఇంట్లో ఉండిపోయిందన్నాడు. ఆ ఇంట్లోనూ ఇదే కేబులట.

ఇట్లు,
నువ్వు వేలాడుతున్న గోడ యజమాని

తా.క.: ఆ ఇంట్లో ఉన్నది నీ కంపెనీ బ్యాటరీయేనట. దాంతో కూడా మాట్లాడవా?