సాక్షి చెప్పింది తెలుగులోనే.. బిల్లు మాత్రం అనువాదానికి

భారతీయ భాషల అనువాద టెక్నాలజీ కంపెనీలకు ఇప్పుడు దశ తిరిగింది. ఫలానా కంపెనీకి ఇంత పెట్టుబడి వచ్చింది, ఫలానా కంపెనీ ఇన్ని భాషలు చేర్చింది అని బిజినెస్ పేజీల్లో వార్తలు వస్తూనే ఉన్నాయి. అవి చదివి ‘ఇక తెలుగుకు ఢోకా లేదు’ అని సంబరపడే మిత్రులు విజయవాడలో నాకు చాలామందే ఉన్నారు. వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లక తప్పడం లేదు. ఈ కంపెనీలు పెరుగుతున్నది తెలుగు పెరిగినందుకు కాదు, తెలుగువాళ్లు తెలుగులో రాయడం మానేసినందుకు.

లెక్కలు తెలిసినవే, త్వరగా చెప్పేస్తాను. 1992లో న్యూయార్క్‌లో ఒక యూనివర్సిటీ హాస్టల్ గదిలో మొదలైన అనువాద కంపెనీ ట్రాన్స్‌పర్ఫెక్ట్ ఏడాది ఆదాయం 2021లోనే 100 కోట్ల డాలర్లు దాటింది. యంత్రానువాదం చేసే జర్మనీ కంపెనీ డీప్‌ఎల్‌కు 2024 మేలో 200 కోట్ల డాలర్ల విలువ కట్టారు. మన దేశంలో, బెంగళూరుకు చెందిన భారతీయ భాషల టెక్నాలజీ కంపెనీ రెవరీలో మెజారిటీ వాటాను 2019లో రిలయన్స్ 190 కోట్ల రూపాయలకు కొన్నది. కేంద్రం 2022లో భారతీయ భాషల మధ్య అనువాదానికి భాషిణి అనే వేదిక పెట్టింది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలందించే ‘మన మిత్ర’ తెచ్చింది. గిరాకీ ఉందన్న మాటలో అనుమానం లేదు. అంత గిరాకీ ఎందుకొచ్చిందన్నదే నా గొడవ.

గుంటూరులో జిల్లా కోర్టుకు ఒక పూట వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోండి. పొలం గట్టు తగాదా నడుస్తోందనుకోండి. బోనులో ఉన్న సాక్షి రైతు. ప్లీడరుగారు తెలుగులోనే అడుగుతారు: “గొడవ జరిగినప్పుడు నువ్వు గట్టు మీదున్నావా, బోరు దగ్గరున్నావా?” “బోరు కాడున్నానండి. మోటారు ఆపి వచ్చేసరికే కొట్టుకుంటన్నారు.” జడ్జిగారు తెలుగువారు, స్టెనో తెలుగమ్మాయి, ప్లీడర్లిద్దరూ తెలుగువాళ్లు. జడ్జిగారు ఒక్క క్షణం ఆగి ఆ జవాబును ఇంగ్లీషులోకి మార్చి చెబుతారు, స్టెనో కొడుతుంది. మోటారు ఆపడం ఉంటుందో లేదో, ఆ ‘వచ్చేసరికే’ ఉంటుందో లేదో ఆ పూట జడ్జిగారి ఓపికను బట్టి ఉంటుంది. చివర్లో, సాక్షికి చదివి వినిపించాం, సరైనదేనని ఒప్పుకున్నాడు అని ఒక లైను. కింద రైతు సంతకం. చాలా కోర్టుల్లో ఇవాళ్టికీ జరుగుతున్న తంతు ఇదే.

కేసు అప్పీలుకు వెళ్తే అమరావతి నేలపాడులోని హైకోర్టుకు చేరుతుంది. అక్కడ రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం అంతా ఇంగ్లీషే. దస్తావేజు తెలుగులో ఉంటే దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి ఫైలు చేయాలి, ఆ ఖర్చు కక్షిదారుడిది. తీర్పూ ఇంగ్లీషులోనే వస్తుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్తే అక్కడ 2019లో ప్రవేశపెట్టిన ‘సువాస్’ అనే అనువాద సాఫ్ట్‌వేర్ ఉంది. అది తీర్పులను భారతీయ భాషల్లోకి మారుస్తుంది, ఆ తర్వాత మనుషులు దిద్దుతారు. అంటే బోరు కాడ నిలబడి తెలుగులో చూసిన సంగతి, తెలుగులో చెప్పిన సంగతి, ఇంగ్లీషు చుట్టూ ప్రదక్షిణ చేసి మళ్లీ తెలుగై ఆ రైతు ఫోన్లోకి రావాలి. ఈ ప్రదక్షిణలో ప్రతి మలుపు దగ్గరా ఒక బిల్లు. ఆ బిల్లులన్నీ కలిపి మనం ముద్దుగా లోకలైజేషన్ (స్థానిక భాషల్లోకి మార్చే) మార్కెట్ అంటున్నాం.

సచివాలయం సంగతి వేరేమీ కాదు. తెలుగు అధికారి, తెలుగు రైతు పథకం గురించి, తెలుగు మంత్రి సంతకం కోసం ఇంగ్లీషులో నోట్ పెడతాడు. జీవో ఇంగ్లీషులో వస్తుంది. దాన్ని తెలుగు చేసి యాప్‌లో పెట్టడానికి ఒక ఏజెన్సీ. మొదటే తెలుగులో రాసుంటే ఆ ఏజెన్సీకి పనేముంది? జపాన్ కంపెనీ మాన్యువల్ మనకు తెలుగులో కావాలంటే అనువాదం కావాలి, ఒప్పుకుంటాను. వెలగపూడి నుంచి తెనాలికి కూడా అనువాదం కావాలంటే అది టెక్నాలజీ సమస్య ఎలా అవుతుంది?

ఇక ఈ పెరుగుదలలో వాటా ఎవరికి దక్కుతోందో చూడండి. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఇంట్లో కూర్చుని ఈ కంపెనీలకు పనిచేసే అనువాదకులు ఉన్నారు. కూలి పదానికి ఇంత అని, పైసల్లో లెక్క. సాఫ్ట్‌వేర్ ముందే ఫైలును కొలుస్తుంది. ఇంతకుముందు అనువాదమైన వాక్యమే మళ్లీ వస్తే అది ‘నూరు శాతం మ్యాచ్’, దానికి నామమాత్రం ఇస్తారు లేదా అసలు ఇవ్వరు. కాస్త పోలిక ఉంటే ‘ఫజ్జీ మ్యాచ్’, రేటులో కోత. ఆ పాత వాక్యం రాసింది ఈ అనువాదకురాలే కావచ్చు. అయినా అది ఆవిడ ఖాతాలో ఉండదు, ‘ట్రాన్స్‌లేషన్ మెమరీ’ పేరుతో కంపెనీ లేదా దాని క్లయింట్ ఆస్తిగా ఉంటుంది. ఇప్పుడు ఆ కోతా పాతబడింది. యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దే పోస్ట్ ఎడిటింగ్ పనే ఎక్కువ వస్తోంది, దానికి రేటు ఇంకా తక్కువ. యంత్రానికి తెలుగు నేర్పింది వీళ్లే, ఇప్పుడు దాని తప్పులు సగం కూలికి దిద్దుతున్నదీ వీళ్లే. మిర్చి యార్డులో టిక్కీలు దింపి ధర కోసం ఎదురుచూసే రైతు గుర్తొస్తే అది నా తప్పు కాదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇంకోటి ఉంది. యంత్రం ఏ తెలుగు చదివి తెలుగు నేర్చుకుంటోంది? దానికి కావలసింది ఒకే సంగతి రెండు భాషల్లో ఉన్న వాక్యాల జంటలు. అవి కుప్పలుగా దొరికేది ప్రభుత్వ కాగితాల్లో. హైదరాబాద్ ట్రిపుల్ఐటీ పరిశోధకులు కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ పత్రికా ప్రకటనల నుంచి ఇలాంటి జంటలు పోగు చేశారు. మంచి పనే, వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ ప్రకటనలు ఢిల్లీలో ఇంగ్లీషులోనో హిందీలోనో పుట్టి, హడావుడిగా తెలుగైనవి. ఆ తెలుగు ఎలా ఉంటుందో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. యంత్రం దాన్నే తెలుగనుకుంటుంది. దాని తెలుగును రేపు మన పిల్లలు ఫోన్లో చదివి, అదే తెలుగనుకుంటారు.

సొంత తెలుగు లేక కాదు. విజయవాడ అంటేనే పుస్తకాల ఊరు. గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు డీటీపీ సెంటర్లలో దశాబ్దాలపాటు నవలలు, కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు కొట్టారు. చాలావరకు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే సొంత పద్ధతి ఫాంట్లలో. ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు సరిగ్గా కనిపించేలా చేసే ప్రమాణం యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అయినా ప్రెస్సుల్లో అను పోలేదు. ఆ ఫైలును మామూలు కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, అవి వత్తుల దగ్గర తడబడతాయి. ఇంత సంపద సీడీల్లో, చెడిపోయిన హార్డ్‌డిస్కుల్లో మూలుగుతుంటే ఇంటర్నెట్‌లో మాత్రం తెలుగు పేదరాలే. దాని ఫలితం ఎలా ఉంటుందో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2024 మేలో బయటపెట్టారు. ఏఐ మోడల్ దేన్నైనా చిన్న ముక్కలుగా (టోకెన్లు) విడగొట్టి చదువుతుంది, తక్కువగా చూసిన భాషకు ముక్కలు ఎక్కువ అవుతాయి. ఒక చిన్న నమూనా పాఠాన్ని వాళ్ల పాత మోడల్ ఇంగ్లీషులో 27 ముక్కలుగా చదివితే తెలుగులో 159 ముక్కలు చేసింది. కొత్త మోడల్లో ఇంగ్లీషుకు 24, తెలుగుకు 45. చాలా తగ్గింది, సంతోషం. కానీ ముక్కల లెక్కన డబ్బు కట్టే వ్యాపారంలో తెలుగువాడు ఇంకా దాదాపు రెట్టింపు కడుతున్నట్టే.

అటువైపు వాదన లేకపోలేదు. అందరూ తెలుగులో రాసేదాకా రైతు ఆగలేడు, ఆసుపత్రి రిపోర్టు ఆగదు, బ్యాంకు యాప్ ఆగదు, ఉన్నంతలో యంత్రమే దిక్కు అంటారు. నిజమే. వాట్సాప్‌లో తెలుగులో సర్టిఫికెట్ అడగగలగడం చిన్న విషయం కాదు. నేనూ ఆ యంత్రాలు వాడతాను. కాకపోతే విరిగిన కాలికి కట్టిన కట్టును చూసి కాలు బాగుందని చెప్పకండి.

అసలు ఈ మాట చెప్పాల్సింది ఈ గడ్డ మీది జనానికా? 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది అప్పటి గుంటూరు జిల్లా బాపట్లలో. భాష పేరుతో స్వతంత్ర భారతదేశంలో మొదటి రాష్ట్రం 1953లో తెచ్చుకున్నది మనం, అదీ ఒక మనిషి ప్రాణం పోయాక. ఆ ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు 1954లో గుంటూరులోనే పెట్టారు. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. అన్నీ చేసి, ఫైలు ముందు కూర్చునేసరికి పెన్ను ఇంగ్లీషులోకి జారుతుంది. చట్టం లేకనో, కీబోర్డు లేకనో కాదు. తెలుగులో నోట్ పెట్టే అధికారిని పక్క సీటువాడు చిన్నచూపు చూస్తాడన్న భయం. ఈ భయానికి ఏ స్టార్టప్ దగ్గరా మందు లేదు. పైగా భయం ఉన్నంతకాలం స్టార్టప్‌కు ఆర్డర్లు.

చేయలేనిదేమీ కాదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం ఒక ఆస్తి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది. కేరళలో 2025 నవంబరు 1 నుంచి జిల్లా కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలను మాటను అక్షరంలోకి మార్చే వాయిస్ సాఫ్ట్‌వేర్‌తోనే నమోదు చేయాలని హైకోర్టు ఆదేశించింది. మన దగ్గర గుంటూరు జిల్లా కోర్టుల్లో ఒక్క ఏడాది ఇదే పని తెలుగులో చేసి చూడమనండి. సాక్షి మాట తెలుగులోనే అక్షరంలోకి రావాలి, ఇంగ్లీషు ప్రదక్షిణ వద్దు. మన యాస దానికి కొత్త కాబట్టి మొదట్లో తప్పులొస్తాయి, దిద్దడానికి ఆ స్టెనో ఉండనే ఉంది. సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదైనా కొనండి, డబ్బులు దండిగా ఇవ్వండి. టెండర్లో రెండు షరతులు పెట్టండి: పదాల లెక్కన బిల్లు వేయకూడదు, దిద్దిన తెలుగు మొత్తం పేర్లు తీసేశాక రాష్ట్రానికే చెందాలి. అప్పుడు ఆ టెండరుకు ఎంతమంది వస్తారో చూడాలని నాకు చాలా కుతూహలంగా ఉంది.