గాలివాటం బోర్డు గారికి

మహారాజశ్రీ నో పార్కింగ్ బోర్డు గారి దివ్య సముఖమునకు,

ద్వారకానగర్ సందులో తమరి కాళ్ల దగ్గర స్కూటర్ పెట్టి పాపం మూటగట్టుకున్నవాడు నమస్కరించి రాసుకొనునది. ఇక్కడ నేను క్షేమం కాను. అక్కడ తమరు క్షేమంగానే ఉన్నారని పొద్దున వచ్చి కళ్లారా చూసి వెళ్లాను.

నిన్న తమరి పుణ్యమా అని మధ్యాహ్నం మొత్తం ఒక ఆఫీసు వరండాలో గడిచింది. చలానా మీద మొర పెట్టుకుందామని వెళ్లాను. చేతిలో జిరాక్సులు, ఫోన్‌లో వీడియో, జేబులో ల్యాబ్ రసీదు. నా ముందున్న పెద్దాయన ఇది మూడోసారి రావడం అన్నారు. ఫ్యాన్ ఉంది, కరెంటూ ఉంది, తిరగడం మాత్రం లేదు. తిరగవలసింది తిరగదు, తిరగకూడని తమరు తిరుగుతారు.

తమరి గీతలతో నాకు పేచీ లేదు. ఎర్ర చుట్టు, లోపల నీలం, దాని మీద ఒక అడ్డగీత. గీత ఒకటైతే బండి పెట్టి వెళ్లకూడదు, రెండు గీతలు కత్తెరలా ఉంటే అసలు ఆపనే కూడదు. లైసెన్సు పరీక్షకి బట్టీ పట్టిన చదువు, ఇంకా మర్చిపోలేదు. పేచీ అంతా ఆ గీత కింద ఉన్న తెల్ల బాణంతో.

ఆ రోజు పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చాను. 7.40కి తమరి ముందు బండి ఆపి, హెల్మెట్ తీసి, తలెత్తి చూశాను. నలుగురిలా చూడకుండా పెట్టిపోలేదు, చూశాను! బాణం సముద్రం వైపు ఉంది. అంటే ఇక్కడి నుంచి బీచ్ వైపు పెట్టకూడదు, సింహాచలం వైపు పెట్టుకోవచ్చు. బుద్ధిగా బండిని సింహాచలం వైపు నాలుగు గజాలు నెట్టి, సెంటర్ స్టాండ్ వేసి, హ్యాండిల్ లాక్ చేసి వెళ్లాను. ల్యాబ్‌లో 7.52కి రసీదు. రక్తం ఇచ్చి, ఇడ్లీ తిని, రెండు గంటలాగి మళ్లీ రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకుని బయటికొచ్చేసరికి పన్నెండున్నర. బండి పెట్టినచోటే ఉంది. మూడో రోజు మెసేజ్ వచ్చింది. కెమెరా చలానా నోటీసు 15 రోజుల్లో పంపాలని 2021లో రూలు తెచ్చారట. నాది మూడు రోజుల్లోనే చేరింది. ఇంత చురుకుదనం మా వీధి కాలవ పూడిక మీద ఎవరూ చూపించగా చూడలేదు.

లింకు నొక్కితే ఫోటో. 12.07కి తీసింది. నా స్కూటర్, దాని నంబరు, పైన తమరు. బాణం తిన్నగా నా సీటు మీదికి.

పొద్దున సముద్రం వైపు ఉన్న బాణం మధ్యాహ్నానికి సింహాచలం వైపు ఎలా తిరిగిందండీ? మర్నాడు పనిమాలా వచ్చి టీకొట్టు దగ్గర నిలబడి చూస్తే తెలిసింది. తమరి పైపుకి వేసిన క్లాంపు వదులు. రేకుని పైపుకి ఒక పక్కనే బిగించారు, జెండాలాగా. ఉప్పుగాలికి నట్టు చుట్టూ తుప్పు తినేసి, చిటికెన వేలు దూరేంత సందు. పొద్దున నేల మీది గాలి సముద్రానికి పోతుంటే తమరి బాణం బీచ్ చూపిస్తుంది. ఎండెక్కాక సముద్రపు గాలి లోపలికి తోలుకొస్తే కిర్రుమంటూ వెనక్కి తిరిగి కొండ చూపిస్తుంది. మధ్యలో గాలి పడిపోయిన కాసేపు నేరుగా టీకొట్టు వైపు చూస్తుంది. అప్పుడు టీ కూడా నేరమే కాబోలు.

"ఏటి సార్, దానికేసి అలా సూత్తన్నారు? గాలెటు తోలితే అదటే," అన్నాడు టీకొట్టు బాబు, ఇదేం కొత్త సంగతన్నట్టు. పార్టీలు మారేవాళ్లని ఇన్నాళ్లూ ఊరికే ఆడిపోసుకున్నాను.

పదకొండు నిమిషాల వీడియో తీశాను. నిన్న కౌంటర్ దగ్గర చూపిస్తే ఆయన ముప్పై సెకన్లు చూసి, "గాలికి తిరిగితే మేమేం చేస్తామండీ" అన్నారు. "అదే కదండీ నేనూ అంటున్నది" అన్నాను. "ఫోటోలో బాణం మీ బండి వైపే ఉంది కదా." "అది పన్నెండింటికి. నేను పెట్టింది ఏడున్నరకి, ఇదుగో రసీదు." రసీదు వెనక పిన్ను చేసిన రిపోర్టు చూసి, "ఇందులో షుగరు ఎక్కువుందండీ, జాగ్రత్త" అన్నారు. బోర్డు మా కిందికి రాదు, వేరే ఆఫీసుకి వెళ్లండన్నారు. వేరే ఆఫీసులో బోర్డు మాదే, చలానా మాది కాదన్నారు. ఇంకొకాయన జాలిపడి, లోక్ అదాలత్ దాకా ఆగండి అన్నారు. జరిమానా కంటే ఆటోలకీ జిరాక్సులకీ అయిందే ఎక్కువ.

1988 మోటారు వాహనాల చట్టం 119వ సెక్షన్ ప్రకారం ట్రాఫిక్ గుర్తు ఏం చెబితే డ్రైవరు అది చెయ్యాలి. చేస్తానండీ. ఏ పూట చెప్పింది చెయ్యమంటారు? 177 కింద మొదటి తప్పుకి 500 దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా వెయ్యొచ్చు. అంటే రేపు పొద్దున తమరి మాట విని మళ్లీ అక్కడే పెడితే, మధ్యాహ్నానికి నేను అలవాటుపడ్డ నేరస్థుణ్ణి.

ఊళ్లో పార్కింగ్ ఎవరికీ తెలీనట్టు నా మీద పడ్డారు గానీ, బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఒకేచోట ఉంది, తొంభై మీటర్ల పొడుగు. దానికెదురుగా 2017 నుంచి విమానం. 2020లో గాలివానకి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కి కూర్చుంటే జనం పిల్లాజెల్లాతో వెళ్లి సెల్ఫీలు దిగారు. నా స్కూటర్‌తో ఒక్కరు దిగలేదు. కొన్నరోజే సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించిన బండి. నిమ్మకాయలకి దిష్టి ఆగుతుంది గానీ దిక్కు ఆగదు.

ఇక మర్యాద నావల్ల కాదు. ఒరే రేకుముక్కా, నీకొక నట్టు బిగించడానికి ఈ ఊళ్లో మనిషి లేడా? ఫోటో తియ్యడానికి వచ్చినవాడు తలెత్తి నిన్ను చూశాడు కదా, నీ కిర్రు వినపడలేదా? నీ నడుం మీద ఎవడో కోచింగ్ సెంటర్ కాయితం అంటించుకుపోయాడు. వాడికి చలానా లేదు, నాకు ఉంది!

అందుకే ఇవాళ పొద్దున ఆరింటికే, జనం లేనప్పుడు, డిక్కీలోంచి స్పానర్ తీసుకుని వచ్చాను. స్టూలు టీకొట్టు బాబు ఇచ్చాడు. నట్టు సగం తిప్పాక చెయ్యి ఆగింది. ఎటు పెట్టి బిగించాలి? అసలు నిన్ను పాతినప్పుడు నీ బాణం ఎటుండేది? బాబుని అడిగాను. "నాను వచ్చినకాణ్నించీ ఇలాగే తిరుగుతంది సార్." బీచ్ వైపు మందులషాపాయన షట్టర్ ఎత్తుతూ, "అటే, కొండ వైపే ఉండేది" అన్నాడు. కొండ వైపు బట్టలషాపు వాచ్‌మన్, "కాదండీ, సముద్రం వైపే" అని ఒట్టేశాడు. ఎవరి గుమ్మం ముందు వాళ్లకి పార్కింగ్ కావాలి.

స్పానర్ బాబు దగ్గరే ఉంచి వచ్చాను. నీకు నిజం గుర్తుంటే, గాలి లేనప్పుడు ఒక్కసారి అటు తిరిగి నిలబడు. మిగతాది నేను చూసుకుంటాను.

ఇట్లు,
7.52 రసీదు ఇంకా పారెయ్యని
స్కూటర్‌వాడు
విశాఖపట్నం