కాపరికి సెలవు సంఘమే ఇవ్వాలి

మార్కు సువార్త 6వ అధ్యాయంలో అపొస్తలులు సేవ ముగించుకుని వచ్చేసరికి, జనం రద్దీలో వాళ్లకు అన్నం తినే తీరిక కూడా లేదు. ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నాడు యేసు. దోనె దిగేలోపే జనం అక్కడికి చేరారు, ఆయన కనికరపడ్డాడు. మన ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఇంతవరకే. విశ్రాంతి మానుకోవడమే భక్తి అన్నట్టు చెబుతాం. ఆ తరువాతి సంగతి చదవండి. జనాన్ని యాభైమంది, నూరుమంది చొప్పున కూర్చోబెట్టి, రొట్టెలు వడ్డించే పని శిష్యులకిచ్చాడు. భోజనాలయ్యాక శిష్యులను ముందే దోనె ఎక్కించి, జనాన్ని తానే సాగనంపి, ప్రార్థనకు కొండెక్కాడు.

విదేశాల్లోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో కాపరులు (పాస్టర్లు) చాలామంది ఉద్యోగం చేస్తూనే సేవ చేస్తారు. శుక్రవారం ఇంటి కూడిక, శనివారం పరామర్శలు, ఆదివారం ఆరాధన, అర్ధరాత్రి ఇండియా ఫోన్లు. కాపరి అలసట ప్రసంగంలో బయటపడదు. రోగి మంచం పక్కన బయటపడుతుంది: చెప్పేది పూర్తిగా వినకుండానే ప్రార్థన చేసి లేచిపోతారు. కనికరం లేక కాదు, ఓపిక అయిపోయి.

అందుకే సంఘం ఇలా చేయాలి. శనివారం పొద్దున్నుంచి సాయంత్రం వరకు కాపరి ఫోన్ ఒక సంఘ పెద్దకు మళ్లించండి. మరణం, ఆసుపత్రి అయితేనే ఆయనకు చెప్పాలి. నెలకో ఆదివారం వాక్యం మరొకరికి అప్పగించండి, మూడు వారాల ముందే చెప్పి. పదేసి కుటుంబాలకు ఒక పెద్ద ఉండాలి. నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్పిన ఏర్పాటు దాదాపు ఇదే.

ఈ ఏర్పాటు చెడేది ఎక్కువగా ఒకేచోట. పని ఇస్తాం, నిర్ణయం ఇవ్వం. కష్టంలో ఉన్న ఇంటికి సరుకులు కొనడానికీ ఆ పెద్ద కాపరినే అడగాల్సివస్తే ఫోన్ మళ్లీ ఆయన దగ్గరికే వస్తుంది. అడక్కుండా ఖర్చుపెట్టగల మొత్తం ఎంతో ముందే రాసిపెట్టండి. "అయ్యగారే రావాలి" అనేవాళ్లకు జవాబు కాపరే వేదికమీద చెప్పాలి, పెద్దలు చెబితే వినరు.

1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య పల్లె సంఘాలన్నిటినీ తానే నడపలేదు. ఊళ్లలో కాపురముండి చదువూ వాక్యమూ నేర్పే ఉపదేశకులు నడిపారు, వాళ్లకు తర్ఫీదు ఇవ్వడం ఆయన తన ముఖ్యమైన పనిగా పెట్టుకున్నారు. స్ఫూర్తినిచ్చే నాయకత్వం అంటే మేం చూపించేది దీన్నే.

ఇక పాస్టరమ్మగారి సంగతి. సండేస్కూలు, సహవాస భోజనం, అతిథుల బస, అన్నీ అడగకుండానే ఆమె మీద పడతాయి. కాపరికి సెలవున్న వారం వంటల వంతులో ఆమె పేరు రాయకండి.