సవరణ: కుండ ముందు, మొక్కజొన్న తర్వాత

ఉత్తర అమెరికా ఈశాన్య ప్రాంతంలో వ్యవసాయం వచ్చి, జనం ఊళ్లు కట్టుకున్నాకే కుండలు పుట్టాయని కిందటి టపాలో రాశాను. అది తప్పు. ఇంకెక్కడి వరసనో ఆలోచించకుండా అక్కడికీ అంటించేశాను.

న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన ‘వినెట్ 1’ రకం కుండలు సుమారు 3,000 ఏళ్ల నాటివి. వాటిని చేసినవాళ్లు వేట, చేపలు, అడవి కాయలతో బతుకుతూ రుతువును బట్టి మకాం మార్చేవాళ్లు. అంతకుముందు బలపపు రాయిని తొలిచిన గిన్నెలు వాడేవారు. మొక్కజొన్న పొలాల పక్కన పొడవాటి ఇళ్లు కట్టిన ఇరాక్వాయ్ (ఆ ప్రాంతపు ఆదివాసీ తెగల సమూహం) గ్రామాలు క్రీ.శ. 1000 తర్వాతి సంగతి. అంటే నేను దాదాపు రెండు వేల ఏళ్లు మింగేశాను! పైగా ఆ గ్రామాలూ శాశ్వతం కావు. నేల సారం తగ్గి, వంటచెరకు దూరమైతే కొన్ని దశాబ్దాల్లోనే ఊరు ఊరంతా తరలిపోయేది.

రెండో తప్పుకు మరీ సిగ్గుపడాలి. అదే టపాలోని ఫోటో కింద ‘సారె మీద చేసిన కుండ’ అని రాశాను. యూరోపియన్లు రాకముందు అమెరికా ఖండాల్లో కుమ్మరి సారె వాడకమే లేదు. వినెట్ పెంకును దగ్గరగా చూస్తే చాలు: మట్టిని తాళ్లలా పేని, ఒకదానిమీద ఒకటి చుట్టారు కాబట్టి పగులు చాలాసార్లు ఆ అతుకు వెంబడే సాగుతుంది. మందమైన మట్టిలో నలగ్గొట్టిన రాతి నలుసులు కంటికే ఆనుతాయి. లోపలా బయటా తాడు అచ్చులుంటాయి. నేను ‘గీతల అలంకారం’ అని మురిసిపోయింది వీటినే. తాడు చుట్టిన పనిముట్టుతో గోడను గట్టిపరిచినప్పుడు పడ్డ గుర్తులవి.

పాత పేరా తీసేశాను, ఫోటో కింది మాట మార్చాను.